మెక్సికో నగరంలో మంచి జపనీస్ రెస్టారెంట్లు ఎక్కడున్నాయి? తెలిసినవారు చెప్పగలరు

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా మేము ఈమధ్యనే నగోయా నుంచి మెక్సికో నగరానికి వచ్చాము. జపాన్‌లో ఉన్నన్నాళ్ళూ అక్కడి మామూలు భోజనానికి ఇంటిల్లిపాదీ బాగా అలవాటు పడ్డాము. నేనడుగుతున్నది ఖరీదైన విందుల సంగతి కాదు. అన్నం, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్, ఉప్పు రాసి కాల్చిన చేప, ఊరవేసిన కూరముక్కలు ఒకే పళ్ళెంలో అమర్చి ఇచ్చే తెయిషొకు సంగతి, వేడివేడి రసంలో లావాటి గోధుమ నూడుల్స్ వేసిచ్చే ఉదోన్ సంగతి, సాయంత్రం పూట కోడిమాంసాన్ని పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాల్చి ఇచ్చే యాకితోరి సంగతి అడుగుతున్నాను. ఇక్కడ సుషీ అన్న బోర్డు లేని వీధి కనబడటం లేదు కానీ, మేము వెళ్ళిన ప్రతిచోటా అన్నం మధ్యలో క్రీమ్ చీజ్ పెడుతున్నారు, పైన మాయొనేజ్ పోస్తున్నారు, కొన్నిచోట్లయితే ఆ చుట్టను రొట్టెపొడిలో దొర్లించి నూనెలో వేయించి మరీ ఇస్తున్నారు. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. జపాన్‌లో తిన్న భోజనం కావాలని రోజూ అడుగుతున్నాడు. మా ఆవిడ శాకాహారి, నేను గొడ్డుమాంసం తినను. ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవారు దారి చూపిస్తే మేలు చేసినవారవుతారు.

రెఫార్మా వాసి:

కృష్ణాతీరం గారూ, మీరు ముందుగా క్వావ్తెమోక్ కాలనీలో వెతకండి. రెఫార్మా మార్గానికి ఉత్తరం వైపున ఉన్న ఈ కాలనీలో వీధులన్నింటికీ నదుల పేర్లు పెట్టారు; రియో లెర్మా, రియో పానుకో, రియో ఎబ్రో ఉన్నట్టే మన గంగానది పేరిట రియో గాంహెస్ అనే వీధి కూడా ఉంది. జపాన్ రాయబార కార్యాలయం రెఫార్మా మార్గంలోనే ఉండటం వల్ల, జపనీస్ కంపెనీల ఉద్యోగులు ఈ ప్రాంతంలో తిరుగుతూ ఉండటం వల్ల, కాలక్రమంలో ఇక్కడ వారి అవసరానికి తగ్గ రెస్టారెంట్లు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. ఊళ్ళోవాళ్ళు దీన్ని చిన్న టోక్యో అని పిలుస్తుంటారు.

రియో ఎబ్రో వీధిలోని రొకాయి సుషీకి పేరు పొందింది. అక్కడ వంటవాడి ఎంపికకే వదిలేసి కూర్చుంటే వరసగా ఒక్కొక్కటే చేసి ముందు పెడతారు. రామెన్ అనే నూడుల్స్ సూప్ కావాలంటే అదే పేరుతో పక్కనే వేరే దుకాణం నడుపుతున్నారు. రియో పానుకో వీధిలోని హియొకోలో కోడిమాంసం యాకితోరి ప్రధానం కాబట్టి మీ గొడ్డుమాంసం షరతుకు అక్కడ ఇబ్బంది తక్కువ. అదే వీధిలో ఎన్నో ఏళ్ళుగా ఉన్న దైకొకు కుటుంబంతో కూర్చుని నింపాదిగా తినడానికి అనువైన చోటు.

పేర్లకంటె మీకు ఎక్కువగా పనికొచ్చే గుర్తు ఒకటి చెబుతాను. మెక్సికన్లు మధ్యాహ్న భోజనానికి రెండు దాటాకే కూర్చుంటారు. జపాన్ నుంచి వచ్చిన ఉద్యోగులు మాత్రం తమ అలవాటు మానుకోలేక పన్నెండున్నరకే ఆఫీసు నుంచి బయటపడతారు. అందుచేత పన్నెండున్నరకూ ఒంటిగంటన్నరకూ మధ్య ఏ చిన్న రెస్టారెంట్‌లో బల్లలు నిండి ఉన్నాయో, తిన్నవాళ్ళు ముప్పావుగంటలో లేచి వెళ్ళిపోతున్నారో చూడండి. మీరు వెతుకుతున్న తెయిషొకు అక్కడ ఉంటుంది. బయట బోర్డు ఎంత పెద్దదన్నది, లోపల కాగితపు దీపాలు ఎన్ని వేలాడుతున్నాయన్నది ఏమాత్రం ఆధారం కాదు.

పాత పుటలు:

రెఫార్మా వాసి గారు చెప్పినది నిజమే. అయితే వెతుకులాటను క్వావ్తెమోక్‌తో ఆపేస్తే నగరంలోని సగం జపనీస్ వంటను వదులుకున్నట్టే. కంపెనీల వెంట వచ్చినవారి వంట ఒకటి, ఇక్కడే తరాలుగా స్థిరపడిన కుటుంబాల వంట మరొకటి. ఈ రెండో వంట దక్షిణాన, పడమరన ఉన్న కాలనీల్లో దొరుకుతుంది.

మెక్సికో, జపాన్ 1888లో ఒప్పందం చేసుకున్నాయి. 1897లో కొద్దిమంది జపనీయులు చియాపాస్ రాష్ట్రానికి వ్యవసాయం కోసం వచ్చి అక్కడొక వలస ఊరు కట్టుకోవాలని చూశారు. పంటలు కలిసిరాక ఆ ప్రయత్నం నిలవలేదు కానీ మనుషులు నిలిచారు. ఆ తర్వాత వచ్చినవారు ఉత్తర సరిహద్దు పట్టణాల్లో, పసిఫిక్ తీరంలో కుదురుకున్నారు. యుద్ధకాలంలో, 1942లో, సరిహద్దుకూ తీరానికీ దగ్గరగా ఉన్న జపనీస్ కుటుంబాలన్నీ ఇళ్ళూ వ్యాపారాలూ వదిలి దేశం లోపలికి తరలిపోవాలని ప్రభుత్వం ఆదేశించింది. వారిలో ఎక్కువమంది మెక్సికో నగరానికీ గ్వాదలహారాకూ చేరారు. యుద్ధం ముగిసిన తర్వాత కూడా చాలామంది వెనక్కి వెళ్ళలేదు. ఈ రెండు నగరాల్లో పాతకాలపు జపనీస్ రెస్టారెంట్లు కనబడటం వెనక ఆ బలవంతపు తరలింపు ఉందన్న సంగతి, అక్కడ కూర్చుని తినేవారికి తెలిసి ఉండటం మంచిదని నా అభిప్రాయం.

కాబట్టి మీరు నాపొలెస్ కాలనీలోని నగావొకాకు వెళ్ళి చూడండి. దెల్ వాయె కాలనీలో ఉదోన్‌కూ రామెన్‌కూ దెయిగో ఉంది. అదే కాలనీలోని సంతోరీ 1970లో మొదలైంది. జపాన్‌కు చెందిన అదే పేరుగల మద్యం కంపెనీ దాన్ని స్థాపించింది. తోట, చెట్లు, నీటి చప్పుడు మధ్య కూర్చోబెడతారు, ఖర్చు మాత్రం ఎక్కువే. దక్షిణాన ఉనివెర్సిదాద్ మార్గంలో తారో అనే పాత రెస్టారెంట్ ఉంది. పడమరన లాస్ ఆగిలాస్ కాలనీలో మెక్సికో జపనీస్ సంఘం వారి ప్రాంగణం ఉంది. అందులో కూడా భోజనం దొరుకుతుంది. అక్కడ తాతయ్యలు మనవలతో స్పానిష్‌లో మాట్లాడుతూ మిసో సూప్ తాగుతూ కనిపిస్తారు.

కుక్కర్ మూడు కూతలు:

నేను వృత్తిరీత్యా వంటవాడిని కాబట్టి అన్నం గురించి చెబుతాను. ఈ ఊళ్ళో జపనీస్ వంటకు మొదటి పరీక్ష అన్నమే, చేప కాదు.

ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 92, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మన ఇళ్ళలో ఆ ఇబ్బందిని కుక్కర్ తీరుస్తుంది. జపనీస్ పొట్టి బియ్యాన్ని మామూలు గిన్నెలో, దిగువ ఊళ్ళలో వండినట్టే వండితే, గింజ పైపొర మెత్తబడి జిగురు కక్కుతుంది, లోపల మాత్రం పలుకు మిగిలిపోతుంది. నోట్లో వేసుకోగానే పైన ముద్దగా, కొరికితే బిరుసుగా తగిలే అన్నం వస్తే ఆ వంటవాడు ఎత్తు సంగతి పట్టించుకోలేదని అర్థం. తెలిసినవాడు బియ్యాన్ని ఎక్కువసేపు నానబెడతాడు, నీటి కొలత మారుస్తాడు, ఆవిరి పోకుండా బరువైన మూత వాడతాడు లేదా ప్రెషర్‌తో వండే యంత్రం పెట్టుకుంటాడు, దించిన తర్వాత మూత తీయకుండా ఉమ్మగిలనిస్తాడు.

సుషీ అన్నంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నిగిరి, అంటే పైన చేప ముక్క పరిచిన అన్నపు ముద్ద, ఒకటి తీసుకుని పక్కకు తిప్పి చూడండి. గింజలు దేనికది విడిగా కనబడుతూనే ఒకదానికొకటి అంటుకుని ఉండాలి. పైన తడి మెరుపు ఉండాలి కానీ నీరు కారకూడదు. వేళ్ళతో ఎత్తినప్పుడు విడిపోకుండా, నాలుక మీద పెట్టగానే విడిపోవాలి. అన్నం చేతి వేడికి దగ్గరగా, గోరువెచ్చగా ఉండాలి. చల్లగా, గట్టిగా తగిలిందంటే ఫ్రిజ్‌లోంచి తీసినదే. ఎంత మంచి చేపను తెచ్చి దానిమీద పరిచినా ఆ ముద్ద బాగుపడదు.

రామెన్‌కు కూడా ఇదే చిక్కు. తక్కువ వేడిలో మరిగే నీళ్ళలో నూడుల్స్ ఎక్కువసేపు ఉంచాలి, ఎక్కువసేపు ఉంచితే పైన పిండి వదులుతుంది. అందుకే ఇక్కడ రామెన్ బాగా చేసేవారి మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. మనవాళ్ళు కొత్త మెస్‌లో ముందు చారు పోసుకుని చూసినట్టు, మీరు కొత్త జపనీస్ రెస్టారెంట్‌లో ముందు ఒక గిన్నెడు తెల్లన్నం, ఒక మిసో సూప్ తెప్పించుకుని చూడండి. మిగతా జాబితా చదవాలో వద్దో అప్పుడు తేల్చుకోవచ్చు.

సినలోవా అల్లుడు:

చర్చ బాగుంది. కానీ క్రీమ్ చీజ్ సుషీ మీద మొదటి టపాలో కనబడిన చిన్నచూపును నేను ఒప్పుకోలేను. మా అత్తవారిది సినలోవా రాష్ట్రంలోని కులియకాన్. ఆ ఊళ్ళో సుషీ అంటే రాత్రిపూట ఇంటిల్లిపాదీ కలిసి తినే సొంత వంట. చుట్టలో రొయ్య, కోడి, గొడ్డుమాంసం కలిపి పెడతారు, రొట్టెపొడి అద్ది వేయిస్తారు, పైన చేప గుజ్జుతో చేసే సురిమీ, మాయొనేజ్ కలిపిన తంపీకో అనే ముద్ద వేస్తారు, పక్కన నూనెలో మగ్గించిన పచ్చిమిరపకాయల్ని నిమ్మరసం పిండిన సోయా సాస్‌లో వేసి ఇస్తారు. ఆ మిరపకాయలు గుంటూరువాళ్ళకు కూడా నచ్చుతాయి. 1988లో మెక్సికో నగరంలో మొదలైన సుషీ ఇత్తో లాంటి గొలుసు రెస్టారెంట్లు ఈ రుచిని మధ్యతరగతికి అలవాటు చేశాయి.

ఈ దేశంలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే జపనీస్ వేరుశనగల సంగతి కూడా ఇలాంటిదే. యోషిగెయి నకతానీ అనే వలసదారు 1945లో మెర్సెద్ మార్కెట్ ప్రాంతంలో, కుటుంబ పోషణ కోసం, వేరుశనగలకు సోయా సాస్ కలిపిన పిండిపూత వేసి అమ్మడం మొదలుపెట్టాడు. అవి ఇక్కడ పుట్టి ఇక్కడివే అయిపోయాయి. మెక్సికన్ సుషీని కూడా అలాగే చూడండి. దాన్ని జపాన్ వంటగా తూచితే అన్యాయం జరుగుతుంది.

కృష్ణాతీరం:

సినలోవా అల్లుడు గారూ, నాకు చిన్నచూపు లేదండీ. ఆ వంటను ఇష్టపడేవారి ఆనందాన్ని నేను కాదనడం లేదు. కానీ రెండింటికీ బయట ఒకటే బోర్డు ఉండటం కొత్తగా వచ్చినవాడికి నిజమైన ఇబ్బంది. జపనీస్ అని రాసినచోట జపనీస్ వంట ఉంటుందని ఆశించడం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అన్నం గురించి, కాలనీల గురించి చెప్పినవారందరికీ కృతజ్ఞతలు. ఇక మిగిలినది మా ఆవిడ సంగతి. నగోయాలో ఉన్నప్పుడు కూరగాయల వంటకమని చెప్పి తెచ్చినదాంట్లో కూడా చేప రసం ఉండేది. ఇక్కడ స్పానిష్‌లో ఎలా అడగాలి, ఏవి నమ్మి తినవచ్చు?

తులసికోట:

నేను పుట్టు శాకాహారిని, ఈ దేశంలోనే కాపురముంటున్నాను, జపనీస్ వంట అంటే ఇష్టం. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అసలు చిక్కు దాషీ దగ్గర ఉంది. కొంబు అనే సముద్రపు నాచును, ఎండబెట్టి తురిమిన బొనీటో చేపను నీళ్ళలో నానబెట్టి లేదా మరిగించి తీసే ఈ రసం మిసో సూప్‌లో ఉంటుంది, ఉదోన్ సూప్‌లో ఉంటుంది, చల్లని సోబా నూడుల్స్‌తో ఇచ్చే ముంచుకునే సాస్‌లో ఉంటుంది, పిండిలో ముంచి వేయించే తెంపురాతో ఇచ్చే సాస్‌లో ఉంటుంది, వేయించిన తోఫూ మీద పోసేదాంట్లోనూ ఉంటుంది. ఇనారి కోసం అన్నం కూరే తోఫూ సంచుల్ని ఉడికించేది కూడా తరచుగా ఆ రసంలోనే. కంటికి చేప ముక్క కనబడదు కాబట్టి వడ్డించేవారు కూడా అది శాకాహారమేనని నిజాయితీగా నమ్ముతారు.

ఇక్కడ కార్నె (మాంసం) వద్దు అంటే గొడ్డుమాంసం వద్దన్నంతే అర్థమవుతుంది. కోడి, హామ్, చేప తెచ్చి పెట్టే అవకాశం ఉంది. అందుకని విడివిడిగా చెప్పాలి: ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో’, అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని. సూప్ గురించి ‘యేవా కాల్దో దె పెస్కాదో?’, అంటే ఇందులో చేప రసం ఉందా అని అడగండి. చిన్న రెస్టారెంట్‌లో వంటవారు జపనీయులైతే దాషీ అన్న ఒక్క మాట చాలు, వెంటనే ఏది కుదురుతుందో ఏది కుదరదో తేల్చి చెబుతారు.

నేను నిశ్చింతగా తినేవి: దోసకాయ చుట్టలు, ఊరవేసిన ముల్లంగి చుట్టలు, ఉప్పు చల్లిన ఎదమామె అనే పచ్చి సోయా కాయలు, చేప తురుము వేయకుండా అల్లం, సోయా సాస్‌తో ఇచ్చే చల్లని తోఫూ, తెల్లన్నం, సముద్రపు నాచు సలాడ్. కూరగాయల తెంపురాకు సాస్ వద్దని ఉప్పు అడుగుతాను. అయితే ఆ పిండిలో గుడ్డు కలుపుతారు, ఆ నూనెలోనే రొయ్యలు కూడా వేయిస్తారు. ఇది పట్టింపు ఉన్నవారు మానుకోవాలి. పొన్జు అనే పుల్లటి సాస్‌లో కూడా చాలాసార్లు చేప రసం ఉంటుందని గుర్తుంచుకోండి.

కృష్ణాతీరం గారికి కూడా ఒక మాట. జపనీస్ కర్రీ కూరగాయలతో చేసినదైనా, దానికి వాడే ముద్దల్లో చాలావాటిలో గొడ్డు కొవ్వు లేదా పంది కొవ్వు ఉంటుంది. అడగకుండా తెప్పించుకోవద్దు.

అలల మీద:

చేప గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నగరానికి సముద్రం లేకపోయినా ఇస్తపలాపాలోని లా న్వేవా వీగా అనే చేపల మార్కెట్ దేశంలోనే అతి పెద్దది; రెండు తీరాల నుంచీ సరుకు అక్కడికే వస్తుంది. బాహా కలిఫోర్నియాలోని ఎన్సెనాదా దగ్గర సముద్రంలో వలల మధ్య పెంచే బ్లూఫిన్ ట్యూనాలో చాలాభాగం జపాన్‌కే వెళుతుంది. అదే తీరపు ఉనీ, అంటే ఇక్కడివాళ్ళు ఎరీసో అనే ముళ్ళ సముద్రజీవి, చాలా బాగుంటుంది. అందుచేత ఈ దేశంలో కూర్చుని, విమానంలో వచ్చిన చేప ఏముందని అడగడం కంటె, ఎన్సెనాదా నుంచి ఈ రోజు ఏమొచ్చిందని అడగడం తెలివైన పని. సాల్మన్ మాత్రం దిగుమతి సరుకే. దాని ఎర్రదనం చూసి రెస్టారెంట్‌ను అంచనా వేయకండి.

గ్వాదలహారా నుంచి:

మాలాంటి ఐటీ ఉద్యోగులు చాలామంది గ్వాదలహారాలో ఉన్నారు కాబట్టి వారి కోసం ఈ మాట: లా పాస్ మార్గంలోని సువెహిరో ఇక్కడి పాత జపనీస్ రెస్టారెంట్. అతిథులొస్తే తీసుకెళ్ళదగ్గ చోటు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. కార్ల కర్మాగారాల వెంట జపనీస్ వంట మధ్య మెక్సికోలో చిన్న ఊళ్ళకు కూడా వెళ్ళింది. అగ్వాస్‌కాలియెంతెస్‌లో నిస్సాన్ ఎప్పటి నుంచో ఉంది. గ్వానహ్వాతో రాష్ట్రంలో సలమాంకా దగ్గర మాజ్దా, సెలాయా దగ్గర హోండా 2014లో ఉత్పత్తి మొదలుపెట్టాయి, తర్వాత టొయోటా వచ్చింది. జపాన్ ప్రభుత్వం లెయోన్‌లో కాన్సులేట్ కూడా తెరిచింది. కుటుంబాన్ని వదిలి ఒంటరిగా వచ్చిన ఇంజనీర్లు సాయంత్రం అన్నం కోసం వెతుక్కునే ఊళ్ళు ఇవి. అందువల్ల ఈ దారిలో ప్రయాణించేవారు పెద్ద రోడ్డు పక్కన, ఆడంబరం లేని గదిలో, జపాన్‌లో తిన్నట్టే ఉండే కత్సూదోన్, అంటే వేయించిన పందిమాంసం, గుడ్డు వేసిన అన్నం, దొరికితే ఆశ్చర్యపోనక్కర లేదు. మా బృందం కెరెతారో నుంచి వస్తూ ఒకచోట ఆగింది. గోడ మీద జాబితా అంతా జపనీస్ లిపిలోనే ఉంది, స్పానిష్ జాబితా అడిగితే లోపలి నుంచి తెచ్చి ఇచ్చారు.

కుక్కర్ మూడు కూతలు:

ఇంట్లో వండుకోవాలంటే రోమా కాలనీలో సాన్ లూయిస్ పొతోసీ వీధిలోని మికాసా దుకాణానికి వెళ్ళండి. బియ్యం, మిసో, సుషీ చుట్టలకు వాడే నోరి నాచు, కొంబు, తోఫూ అన్నీ దొరుకుతాయి, వండిపెట్టిన తినుబండారాలు కూడా ఉంటాయి. తులసికోట గారు చెప్పిన చిక్కుకు అసలు పరిష్కారం కూడా అక్కడే ఉంది: కొంబునూ ఎండు షీతాకే పుట్టగొడుగులనూ రాత్రంతా చల్లని నీళ్ళలో నానబెడితే చేప లేని దాషీ తయారవుతుంది. దాంతో మిసో సూప్ చేసి చూడండి.

కృష్ణాతీరం:

మీరందరూ చెప్పినట్టే చేశాము. పన్నెండున్నరకు క్వావ్తెమోక్‌లో ఒక చిన్న రెస్టారెంట్‌కు వెళ్ళాము. ఎనిమిది బల్లలు, అందులో ఐదింటి మీద మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న జపనీయులు. ఉప్పు రాసి కాల్చిన సాబా చేప తెప్పించుకున్నాను. చర్మం అక్కడక్కడ నల్లగా పొక్కి, నూనె ఇంకా చిటపటలాడుతూ వచ్చింది. పక్కన తురిమిన ముల్లంగిని చిన్న గుట్టగా పెట్టి, దాని మీద రెండు చుక్కలు సోయా సాస్ వేసి ఉంచారు. అన్నంలో పలుకు లేదు. మా అబ్బాయి గిన్నె ఖాళీ చేసి రెండోది అడిగాడు. మా ఆవిడ వడ్డించే అమ్మాయిని దాషీ గురించి అడిగితే, ఆమె లోపలికి వెళ్ళి వంటావిడనే పిలుచుకొచ్చింది. వంటావిడ మిసో సూప్ తీసేసి, బదులుగా చల్లని తోఫూ, దోసకాయ చుట్టలు, నువ్వులు కలిపిన పాలకూర పెట్టించింది. నువ్వులు కలపడానికి ముందు పాలకూరను దేంట్లో నానబెట్టారని మా ఆవిడ మళ్ళీ అడిగింది. తనకోసం విడిగా, ఉత్త సోయా సాస్‌తో కలిపానని వంటావిడ చెప్పింది.

ఇంకొక సందేహం మిగిలింది. శనివారం రాత్రి స్నేహితులతో కలిసి యాకితోరికి వెళ్ళాలనుకుంటున్నాము. ముందుగా చెప్పుకోకుండా వెళితే చోటు దొరుకుతుందా? టిప్పు ఎంత ఇవ్వాలి?

రెఫార్మా వాసి:

చాలా సంతోషం. యాకితోరి చోట్లు చిన్నవి, పొయ్యి ముందు కూర్చునే కుర్చీలు కొన్నే ఉంటాయి కాబట్టి శనివారానికి తప్పకుండా ముందుగా చెప్పి ఉంచండి. నలుగురికి మించితే రెండు జట్లుగా కూర్చోవలసి రావచ్చు. టిప్పు విషయంలో ఇది జపాన్ కాదు. వడ్డించేవారి రాబడి చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి 10 నుంచి 15 శాతం ఇవ్వడం ఇక్కడి మర్యాద. బిల్లులో ముందే కలిపారేమో ఒకసారి చూసుకోండి. ఆదివారం అనుకుంటే మాత్రం మధ్యాహ్నమే వెళ్ళండి, చాలా రెస్టారెంట్లు ఆ సాయంత్రానికే మూసేస్తారు.